దాచిన తాళపుచెవి – గడువుగల చీటి

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు తరచుగా పోవువారికి అచ్చటి పఠనమందిరపు వాతావరణము కొత్త కాదు. అశోక్‌నగర్ సందులలోని ఇరుకు గదులలో నలుగురైదుగురు చొప్పున నివసించుచు, జిల్లాలలోని తల్లిదండ్రులు పంపు సొమ్ముతో కాలము గడుపుచు, గ్రూప్ పరీక్షలకు చదువుచున్న యువతీయువకులు అక్కడ తలవంచి కూర్చుండియుందురు. గత సంవత్సరము మా తరగతివారము నలుగురము కలిసి, వీరి ఉపయోగార్థమై తెలుగు, ఉర్దూ భాషలలో నమూనా ప్రశ్నలు గల ఒక కంప్యూటరు ప్రోగ్రామును నిర్మించితిమి. వ్రాసినది నారాయణగూడలో ఒక మిత్రుని ఇంటి మేడమీద. వాడి తప్పులు చెప్పినది పఠనమందిరపు అన్నలు, అక్కలు. క్రమముగా మూడువందలకు పైబడి పేర్లు, ఫోను నంబర్లు మావద్ద చేరినవి.

కళాశాల ప్రదర్శనకు ముందునాటి రాత్రి, మా శ్రమ అందరును చూడవలెనను ఉత్సాహముతో, అంతవరకు గోప్యముగా నుంచిన మా ప్రోగ్రామును బహిరంగపరచితిమి. తెల్లవారి లేచి చూచుసరికి, మేమెన్నడును పేరు వినని దేశాంతర కేంద్రములలో మా ఖాతాపై పెద్ద పెద్ద కంప్యూటర్లు అద్దెకు తీసికొనబడి నడుచుచుండెను. వచ్చిన బిల్లు మా గది నాలుగు నెలల అద్దెకు సమానము. కారణము వెదకగా తేలినదేమనగా, మొదటి నెలలో మాలో నొకరు క్లౌడ్ ఖాతా తాళపుచెవిని ఒక సెట్టింగుల పుటలో వ్రాసిరి. తరువాత తప్పు తెలిసికొని ఆ పుటను తొలగించిరి. కాని ప్రోగ్రాములను భద్రపరచు గిట్ అను పద్ధతిలో తొలగించిన పుటయు చరిత్రలో నిలిచియే యుండును. వెదకి చదువుటకు రాత్రింబగళ్ళు యంత్రములు తిరుగుచుండును. అదే తాళపుచెవిని మా స్వయంచాలిత పరీక్షలకు కూడ వాడుచుంటిమి గనుక, దానిని మార్చినచో పరీక్షలు ఆగిపోవునను భయముతో అంతవరకు మార్చకయుంటిమి. నిజమైన తప్పు ఇదియే.

సొమ్ము సంగతి అటుంచుడు. ఆ తాళపుచెవి తోనే మూడువందలమంది వివరములున్న పెట్టెయు తెరచుకొనును. దొంగ దానిని తెరచి చూచెనో లేదో చెప్పగల ఆధారము మావద్ద లేకపోయెను. అట్టి లెక్క వ్రాయించు ఏర్పాటు మేము చేసికొనలేదు. కనుక మరునాడు గ్రంథాలయము ఎదుటి టీ బండి వద్ద నిలుచుండి, కనిపించిన వారికెల్ల జరిగినది చెప్పితిమి. ఒక పెద్ద అభ్యర్థి విని నవ్వి, “తమ్ముడూ, పేపర్లే బయటికి పోయినయి, ఇగ నా నంబరు పోతే ఏమైతది?” అనెను. ఆ నవ్వు మాకు తిట్టుకన్న బరువుగా తోచినది.

ఆయన మాట వెనుక చరిత్ర కలదు. తెలంగాణ పబ్లిక్ సర్వీసు కమిషను ప్రశ్నపత్రములు బయటికి పొక్కిన సంగతి 2023 మార్చిలో వెల్లడియైనది. కమిషనులోని రహస్యవిభాగపు కంప్యూటరు నుండి, ఆ అధికారము లేని లోపలి ఉద్యోగి పత్రములను కాజేసినట్లు పోలీసులు ప్రకటించిరి. 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్షతో పాటు మరికొన్ని పరీక్షలు రద్దయినవి. తిరిగి 2023 జూన్ 11న జరిపిన ప్రాథమిక పరీక్షను సైతము, అభ్యర్థుల వేలిముద్రల విషయమున వచ్చిన ఆక్షేపణపై హైకోర్టు రద్దు చేసినది. చివరకు 2024 జూన్ 9న మూడవమారు ఆ పరీక్ష జరిగినది. ఒక పెట్టె తాళము తగనివారి చేతికి చిక్కినచో ఎందరి వయస్సు వృథాయగునో అశోక్‌నగర్ వారికి మేము చెప్పనక్కరలేదు.

ఇక విషయమునకు వత్తము.

స్వయంచాలిత పరీక్షల పైప్‌లైన్ అనగా నేమి? ప్రోగ్రాములో ఒక పంక్తి మార్చిన ప్రతిసారియు, ఎక్కడనో ఒక అద్దె కంప్యూటరు మేల్కొనును. మన ప్రోగ్రామును దింపుకొని, కూర్చి, మనము ముందుగా వ్రాసియుంచిన పరీక్షలన్నిటిని తనంతట తానే నడిపి, ఉత్తీర్ణమో కాదో చెప్పి, తన్ను తాను తుడిచివేసికొని పోవును. గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్, సర్కిల్ సీఐ మున్నగునవి ఇట్టి ఏర్పాట్లు. మానవుడు మరచినను యంత్రము మరువదు గనుక, నేడు చిన్న జట్లు సైతము వీనిని వాడుచున్నవి. అయితే పరీక్ష నిజముగా జరుగవలెనన్న ఆ అద్దె కంప్యూటరు క్లౌడ్‌లోని మన నిలువను ముట్టవలెను, తాత్కాలికముగా ఒక డేటాబేసును నెలకొల్పవలెను. తలుపు తెరువుమని క్లౌడ్‌ను అడుగుటకు దానికి అధికారము కావలెను. ఆ అధికారము ఎట్లు ఇచ్చుట?

చిరకాలముగా అనుసరించిన మార్గము తాళపుచెవిని ముందే దాచియుంచుట. క్లౌడ్ ఖాతాలో ఒక యాక్సెస్ కీని పుట్టించి, దానిని పైప్‌లైన్ వారి రహస్యపు అరలో పెట్టుదురు. అర భద్రమైనదే. కాని ఆ తాళపుచెవి స్వభావము గమనింపుడు. దానికి ముఖము లేదు. ఎవరు చూపినను తలుపు తెరచుకొనును. దానికి గడువు లేదు. మనము రద్దు చేయువరకు సంవత్సరముల తరబడి చెల్లును. దానికి నకలు తీసినచో మూలము పోదు, కనుక పోయినదను సంగతియే మనకు తెలియదు. ఇంటి తాళము పోయినచో జేబు తడిమి తెలిసికొందుము; దీనికి తడుముకొనుటకు జేబు లేదు.

పెద్ద సంస్థలు సైతము ఇట్లే దెబ్బతిన్నవి. 2016లో ఉబర్ సంస్థ ప్రోగ్రాములుంచిన గోప్యకోశములోనికి దొంగలు ప్రవేశించి, అందులో వ్రాసియున్న క్లౌడ్ తాళపుచెవిని పట్టుకొని, 5 కోట్ల 70 లక్షల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరములను తీసికొనిపోయిరి. సంస్థ ఒక సంవత్సరముపాటు దాచి, 2017 నవంబరులో గాని లోకమునకు చెప్పలేదు. 2021లో కోడ్‌కవ్ అను పరీక్షా సాధనపు స్క్రిప్టును ఎవరో జనవరి 31 నుండి రహస్యముగా మార్చిరి. అది నడిచిన పైప్‌లైన్‌లలోని రహస్యములను బయటికి పంపుచుండెను. రెండు నెలలు ఎవరును గుర్తింపలేదు. ఏప్రిల్ 1న ఒక వాడుకదారు, తాను దింపుకొన్న స్క్రిప్టు ముద్ర ప్రకటించిన ముద్రతో సరిపోలకుండుట చూచి చెప్పగా బయటపడినది. ఇక సర్కిల్ సీఐ సంస్థలో ఒక ఇంజనీరు కంప్యూటరు 2022 డిసెంబరులో దొంగ ప్రోగ్రామునకు లోనుకాగా, 2023 జనవరి 4న ఆ సంస్థ తన వాడుకదారులందరిని తమతమ రహస్యములన్నిటిని మార్చుకొనుడని కోరవలసివచ్చినది. ఇచ్చట గమనింపదగినది, వాడుకదారులు ఏ తప్పును చేయలేదు. అరను కాపాడువాడే దోపిడికి గురియైనాడు. అందుచేతనే ఆ సంస్థ తన నివేదికలో, వీలైన చోటనెల్ల దీర్ఘకాలపు తాళపుచెవులను నిలువయుంచక గడువుగల టోకెన్లు వాడుడని సలహా ఇచ్చినది.

ఆ టోకెన్ పద్ధతిని వివరించుటకు మనకు హాల్ టికెట్టు కన్న మంచి ఉపమానము లేదు. హాల్ టికెట్టుపై అభ్యర్థి పేరు, ఛాయాచిత్రము, పరీక్షా కేంద్రము, తేదీ, వేళ ఉండును. నారాయణగూడ కేంద్రమునకు ఇచ్చినది వేరొక కేంద్రమున చెల్లదు. నేటి ఉదయపుది రేపటికి చెల్లదు. గేటు మూసిన పిదప ఒక నిమిషము ఆలస్యమైనను చెల్లదని మన అన్నలకు బాగుగా తెలియును. అది పరీక్ష మరునాడు దారిలో పడిపోయినచో ఎవరికిని దుఃఖము లేదు, ఎత్తుకొన్నవానికి లాభమును లేదు. తాళపుచెవిని ఇనుపపెట్టెలో దాచుకొందుము. హాల్ టికెట్టును చొక్కా జేబులో పెట్టుకొందుము.

ఇదే కంప్యూటరు భాషలో ఓపెన్ ఐడీ కనెక్ట్ అను కట్టుబాటుగా వెలసినది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఈ సౌకర్యము 2021లో అందరికిని అందుబాటులోనికి వచ్చినది. పని ఇట్లు జరుగును. పరీక్ష ప్రారంభము కాగానే అద్దె కంప్యూటరు గిట్‌హబ్‌ను ఒక గుర్తింపు చీటి అడుగును. ఆ చీటిలో కొన్ని సంగతులు వ్రాసియుండును: దీనిని ఇచ్చినది ఎవరు, ఎవరికి చూపుటకు ఇచ్చినది, ఏ సంస్థవారి ఏ కోశము, అందులో ఏ శాఖ నుండి ఈ పని నడుచుచున్నది, ఎప్పటివరకు చెల్లును. క్రింద గిట్‌హబ్ వారి ముద్ర యుండును.

ముద్రను గూర్చి ఒక మాట. మన ఉర్దూ మిత్రులు ముహర్ అందురు, తెలుగువారు మొహరు అందురు. పూర్వము దారిపొడుగున చౌకీదార్లకు చూపవలసిన అనుమతి కాగితము, పన్నుల వ్యవహారము ‘రాహ్‌దారీ’. ఆ మాటయే తెలుగులో రహదారియై త్రోవకే పేరైనది. ఆనాటి చౌకీదారు కాగితము తెచ్చినవానిని ఎరుగడు, మొహరును ఎరుగును. మొహరు వేయగలవాడు ఒక్కడు, చూచి గుర్తింపగలవారు అందరు. నేటి కంప్యూటరు ముద్రయు అంతియే. ముద్రవేయు గుప్తసంఖ్య గిట్‌హబ్ వద్దనే యుండును. ఆ ముద్రను సరిచూచు బహిరంగసంఖ్యను వారు లోకమునకు ప్రకటింతురు. చీటిలో ఒక్క అక్షరము మార్చినను ముద్ర సరిపోలదు.

చీటి సిద్ధమైన పిదప దానిని క్లౌడ్ గేటు వద్ద చూపవలెను. అమెజాన్ వారి క్లౌడ్‌ను ఉదాహరణగా తీసికొందము. 2022 నవంబరులో ఆ సంస్థ హైదరాబాదులోనే ఒక కేంద్రమండలమును ప్రారంభించినది గనుక మన నగరపు సమాచారము మన నగరపు పరిసరములలోనే నిలువయుండుటకు వీలు కలిగినది. అచ్చట ఎస్‌టీఎస్ అను విభాగము గేటువానివలె పనిచేయును. చీటి ముద్ర సరిచూచి, గడువు చూచి, ఇది తనకు ఉద్దేశించినదేనా అని చూచి, మనము ముందుగా వ్రాసిపెట్టిన నియమముతో కోశము పేరు, శాఖ పేరు పోల్చును. అన్నియు కుదిరినచో ఒక ‘రోల్’ ధరించుటకు అనుమతించును. రోల్ అనగా వేషమే. వీథి భాగవతములో రాజు వేషము కట్టినవాడు ఆట సాగినంతసేపే రాజు. ఆ వేషమునకు ఏయే పెట్టెలు తెరుచు అధికారము కలదో మనమే నిర్ణయింపవచ్చును. అనుమతి రూపమున వచ్చునది ఒక తాత్కాలిక కీ, దాని రహస్యము, వానికి తోడుగా ఒక సెషన్ టోకెన్. వీని ఆయువు మామూలుగా ఒక గంట. తగ్గించినచో 15 నిమిషములు, పెంచినచో రోల్‌కు అనుమతించిన మేరకు 12 గంటల వరకు. కీ మొదటి నాలుగక్షరములు చూచియే జాతి చెప్పవచ్చును: ఏకేఐఏ అని మొదలైనచో శాశ్వతము, ఏఎస్ఐఏ అని మొదలైనచో తాత్కాలికము. మా జట్టులో నేడు ఎవరైన ఏకేఐఏ చూచిన వెంటనే అరచుట ఆచారమైనది.

గూగుల్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లలోను ఇట్టి ఏర్పాటే వేరు పేర్లతో కలదు. అన్నింటిలోను సారము ఒక్కటే: దాచియుంచిన రహస్యమును చూపుట కాదు, ఆ క్షణమున తానెవరో నిరూపించుకొనుట.

ఈ ఆలోచన క్రొత్తది అని మురియనక్కరలేదు. అమెరికాలోని ఎంఐటీ విద్యాలయమున 1983లో ప్రారంభమైన ఎథీనా అను విద్యార్థి కంప్యూటర్ల పథకములో కెర్బెరోస్ అను పద్ధతిని నిర్మించిరి. అందులోను కాలపరిమితి గల చీటీలే. వానిని వారు టికెట్లనియే పిలిచిరి. విద్యార్థుల అవసరమునకై ఒక కళాశాలలో పుట్టిన ఊహ, నలుబది సంవత్సరముల తరువాత తిరిగి విద్యార్థులమైన మావద్దకు వచ్చినది.

మార్పు చేసికొనుటకు మాకు ఒక సాయంకాలము పట్టినది. తప్పు దిద్దుకొనుటకు ఒక వారము పట్టినది. పైప్‌లైన్ పుటలో గుర్తింపు చీటి కోరుటకు అనుమతి వ్రాయుట, క్లౌడ్‌లో గిట్‌హబ్‌ను నమ్మదగిన జారీదారుగా నమోదు చేయుట, రోల్ నిర్మించుట — ఇవి సులభములే. చిక్కంతయు గేటువానికి ఇచ్చు నియమములో నున్నది. మేము మొదట మా కోశము పేరు వ్రాసి, శాఖ పేరుండవలసిన చోట నక్షత్రపు గుర్తు ఉంచితిమి. అనగా ఏ శాఖయైనను సరే యని అర్థము. జట్టులో వ్రాయు అధికారమున్న ఎవరైనను ఒక కొత్త శాఖ తెరచి, పరిశీలన లేకుండగనే అసలు పెట్టె తెరచు పని నడిపింపవచ్చును. హాల్ టికెట్టుపై కేంద్రము పేరు ఖాళీగా వదలినట్లే యైనది! ఒక సీనియర్ విద్యార్థిని చూచి మందలింపగా రెండు రోల్‌లు చేసితిమి. అన్ని శాఖల పరీక్షలకు ఒకటి — అది కల్పిత పేర్లు గల నమూనా సమాచారమును మాత్రమే ముట్టగలదు. మెయిన్ శాఖకు మాత్రమే మరియొకటి — అందులోనికి మార్పు చేరవలెనన్న ఇద్దరు చూచి సమ్మతింపవలెను. దీనితో బయటపడిన ఇంకొక సిగ్గుచేటు: అంతవరకు మా పరీక్షలన్నియు అసలు అభ్యర్థుల నంబర్లతోనే నడుచుచుండెను. పరీక్షకు అసలు మనుష్యుల వివరము లెందుకని మాలో ఒక్కరును అడుగలేదు.

గడువుగల టోకెన్ సర్వరోగనివారిణి కాదు. 2025 మార్చిలో, ఇరువది మూడు వేలకు పైగా కోశములు వాడుచున్న టీజే యాక్షన్స్ అను వారి ఒక ఉపకరణమును దుండగులు మార్చగా, అది పైప్‌లైన్ యంత్రపు జ్ఞాపకములోని రహస్యములను పని చిట్టాలోనికి కక్కినది. అట్టి సమయమున తాత్కాలిక టోకెన్ కూడ బయటపడును. కాని గంట గడచిన పిదప దానిని చదివినవానికి చేతికి వచ్చునది నిన్నటి మ్యాట్నీ టికెట్టు. ఆ గంటలోపల మాత్రము అది నిజమైన అధికారమే. కనుక గడువు ఎంత చిన్నదైనను, వేషమునకు ఇచ్చు అధికారము అంతకన్న చిన్నదిగా నుండవలెను. ఇతరుల ఉపకరణములను పేరుతో గాక, మార్చరాని పూర్తి గుర్తుసంఖ్యతో వాడుకొనవలెను. ఇంకొక పరిమితి: అందరు సేవాదారులును ఇట్టి చీటీలను అంగీకరింపరు. మేము అభ్యర్థులకు సందేశములు పంపుటకు వాడు ఒక సంస్థ నేటికిని పాత తరహా కీనే అడుగుచున్నది. దానిని క్లౌడ్‌లోని రహస్యపేటికలో ఉంచి, రెండవ రోల్ ధరించినపుడే చదువగలుగునట్లు చేసితిమి. ఒక తాళపుచెవి మిగిలియే యున్నది. దానిని మార్చు తేదీని గోడ కేలెండరుపై వ్రాసితిమి.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భమున ఒక విన్నపము. చివరి సంవత్సరపు ప్రాజెక్టులు నేడు విద్యార్థుల స్వంత ఖాతాలపై, తండ్రి లేక అన్న కార్డు సంఖ్యతో నడుచుచున్నవి. నష్టము వచ్చినచో అది ఒక బీద కుటుంబముపై పడును. కళాశాల పేరిట ఒక ఖాతా యుండి, ఖర్చు ఇంత దాటినచో హెచ్చరిక వచ్చు ఏర్పాటుతో, ప్రతి జట్టుకును ఒక రోల్ ఇచ్చినచో, విద్యార్థి చేతికి శాశ్వతమైన తాళపుచెవి ఇవ్వవలసిన అవసరమే కలుగదు. మౌఖిక పరీక్షలో “మీ తాళపుచెవి ఎక్కడ నున్నది?” అను ఒక్క ప్రశ్న అడిగినను చాలు. తోటి విద్యార్థులకు మాత్రము మా మాట వేరు: నేటి రాత్రియే మీ పాత కోశముల చరిత్ర వెదకుడు. పుటను తొలగించుట పరిష్కారము కాదు. ఒక్కసారి బయటపడిన కీని రద్దు చేయుటయే పరిష్కారము.

టోకెన్లు అమర్చిన పిదప పాత కీలను ఏమి చేయుట అను ప్రశ్న వచ్చును. ప్రదర్శన నాటి దొంగిలింపబడిన కీని ఆ ఉదయమే రద్దు చేసితిమి. దాని స్థానమున తొందరలో పుట్టించిన మరియొక శాశ్వత కీ మాత్రము రహస్యపు అరలో మిగిలియుండెను. క్రొత్త పద్ధతి నడుచుచున్నదను సంతోషములో దానిని మరచువారే ఎక్కువ. అప్పుడు ముందు తలుపు బిగించి, పెరటి తలుపు తెరచి పెట్టినట్లగును. వెంటనే తొలగించినను చిక్కే, ఎక్కడ ఏది ఆగునో తెలియదు. మేము దానిని మొదట నిష్క్రియము చేసి వారము రోజులు వేచితిమి. మూడవనాడు నారాయణగూడ మిత్రుడు పరుగెత్తివచ్చెను. ప్రతి రాత్రియు మేడమీది పాత కంప్యూటరు అభ్యర్థుల వివరముల నకలు తీయుచుండెననియు, అది ఆ కీతోనే నడుచుచుండెననియు, ఆ సంగతి తానే మరచితిననియు చెప్పెను. ఆ నకళ్ళు తాళము లేని గదిలో, సంకేతపదము లేని కంప్యూటరులో మూడు నెలలుగా పోగుపడియున్నవి. వానిని తుడిచివేసి, నకలు తీయు పనిని కూడ క్లౌడ్‌లోపలికే మార్చి, ఎనిమిదవనాడు ఆ కీని శాశ్వతముగా తొలగించితిమి. ఆ సాయంకాలము మరల టీ బండి వద్దకు పోయి, మేడమీది నకళ్ళ సంగతి కూడ వారికి చెప్పితిమి.